నెత్తిమీది కెమెరా

కిరండూల్

తాతబాబు మావయ్యకూ, ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్నవారికీ నమస్కారం.

నేను తయారుచేసిన బొమ్మ విమానం ఎగిరింది! రిమోట్‌కు రెండు చేతులూ కావాలి కనుక కెమెరాను టోపీకి రబ్బరు పట్టీతో కట్టుకున్నాను. తీరా చూస్తే వీడియో నిండా ఆకాశమే. విమానం వెంట నా కళ్లు తిరిగాయి గానీ తల తిరగలేదు.

టోపీ అమ్మకు పెట్టాను. ఈసారి వీడియో నిండా నేనే. విమానాన్ని చూడమన్నాను కదా అంటే, "అది పడితే ఇంకోటి సేసుకుంటావు. ఎనక్కి నడిసి నువ్వు గోతిలో పడితే ఏటి సేసేదే?" అంది.

వీడియోలో విమానం కనిపిస్తేనే రాయ్‌పూర్‌లో జరిగే బొమ్మ విమానాల పోటీకి పిలుస్తారట. గనిలో నైట్ షిఫ్టుల్లో నెత్తిన లైటు పెట్టుకుని పనిచేసినవారు మీరు. చూపుతోపాటు తల తిప్పడం మీకు అలవాటే. ఆదివారం రండి మావయ్యా. అమ్మ ఎలాగూ నన్నే చూస్తుంది, మీరు విమానాన్ని చూడండి.

మీ మేనకోడలు