ఎడమవైపు మీటలు

ఏక్‌బాల్‌పూర్, కలకత్తా
12-7-2004

అమ్మకు పున్నమ్మ దండాలు,

ఈ కవరు కావాలనే అప్పాయమ్మ పిన్ని పేర వేశాను. ఆవిడ చదివి వినిపిస్తుంది. చెల్లి భాను చెవిన మాత్రం పడనీయకు.

నా మరిది కామేష్‌కి మన భానునిచ్చే విషయంలో నా మాట వచ్చేదాకా తాంబూలాలు పుచ్చుకోవద్దు. పిల్లను చూడవచ్చిన ప్రతివాడూ దాని వంకరపోయిన కుడిచేతి వేళ్ళు చూసి మొహం తిప్పుకున్నాడు. వీడు మాత్రం అక్కడికక్కడే సరేనన్నాడు. అంత తేలిగ్గా సరేనన్నవాడి మీద నాకు మొదటినుంచీ గురి లేదు. నిన్న అన్నం వడ్డిస్తుంటే, "వదినా, భానుకి ఎడమసేతి సిటికినేలు జోరుగా ఆడతాదా?" అని అడిగాడు. ఉన్న లోపం చాలక రెండో చేతికి కూడా వంక వెతుకుతున్నాడు. మనసులోనే తిట్టుకున్నాను.

అంతకంటే భయం వేసే సంగతి ఇంకొకటి. ఖిదిర్‌పూర్‌లో వీడు పనిచేసే కంప్యూటర్ షాపు మరియదాసు అనే స్నేహితుడిది. ఇద్దరూ మా ముందుగదిలో కూర్చుని గుసగుసలాడుతుంటే తలుపు వెనక నిలబడి విన్నాను. "లాఠీ ఎడమపక్కకి తెచ్చీ. గుద్దు దాని పక్కనే ఉండాల. దెబ్బకీ దెబ్బకీ సందివ్వకూడదు" అంటున్నాడు కామేష్. ఇక్కడి ఓడరేవులో యూనియన్ జెండాల గొడవలు ఎప్పుడూ ఉండేవే. ఎవరిని కొట్టబోతున్నారో ఏమో. మీ అల్లుడితో చెబితే, "నీకు గోడల మీద కూడా అనుమానమే" అని నవ్వేశారు. ఆయన తమ్ముడు కాబట్టి నవ్వుతారు. నేనే స్వయంగా చూసి వచ్చి రాస్తాను.

నీ కూతురు
పున్నమ్మ

* * *

ఏక్‌బాల్‌పూర్
19-7-2004

అమ్మకు,

ఈసారి కవరు నీ పేరే రాశాను. భాను చేతే చదివించుకో.

టిఫిన్ డబ్బా వంకతో, చెప్పాపెట్టకుండా షాపుకి వెళ్ళాను. కామేష్ కంప్యూటర్ ముందు కూర్చుని, కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని, ఎడమచేత్తో మీటలు టకటకా కొడుతున్నాడు. తెరమీద రెండు బొమ్మలు కలబడి కొట్టుకుంటున్నాయి. వీడి బొమ్మే తన్నులు తింటోంది.

"ఏటిది? లాఠీ ఎక్కడ దాసినావు?" అన్నాను.

వాడు తెల్లబోయి, తరవాత పడీపడీ నవ్వాడు. "లాఠీ కాదు వదినా, లాథి. బెంగాలీలో తన్ను. ఇక్కడ పుట్టినోణ్ణి కదా, కొన్ని ఆట మాటలు నాకు బెంగాలీలోనే వస్తాయి."

నేనీ ఊరొచ్చి ఏడాదైనా కాలేదు, నాకేం తెలుసు? ఈ ఆటకి రెండు చేతులూ కావాలట. ఒక చేత్తో బొమ్మని నడిపిస్తూ రెండో చేత్తో గుద్దాలి, తన్నాలి. ఏ మీట ఏ పని చెయ్యాలో మనమే మార్చుకోవచ్చట. వీడు అన్నీ ఎడమవైపుకి తెచ్చి, తన్నుని చిటికెనవేలి కింద పెట్టాడు.

"ఆట జోరులో నా ఏలే అందట్లేదు. భానుది అందుతాదో లేదోనని నిన్నడిగినాను. కుదిరేదాకా సెప్పొద్దు వదినా. ఇంటికాడ ఆడుకోడానికి నాకు తోడు కావాల" అన్నాడు.

అమ్మా, చూసినవాళ్ళంతా దాని కుడిచేతినే చూశారు. ఎడమచేతి గురించి అడిగినవాడు వీడొక్కడే, వాణ్ణేమో నేను తిట్టుకున్నాను. వాడు చెప్పొద్దన్నా చెప్పేస్తున్నాను. భాను ఊ అంటే తాంబూలాలు పుచ్చుకో.

భానూ, ఇక్కడినుంచి నీకే. నాకింకా ఒక అనుమానం మిగిలింది. చిన్నప్పుడు గవ్వలాటలో మేము కావాలని ఓడిపోతే, కనిపెట్టి గవ్వలు విసిరికొట్టి ఏడ్చేదానివి. వీడూ అలాగే ఓడిపోతాడేమోనని అడిగాను. "నానెందుకు ఆట వదుల్తాను?" అన్నాడు. నాకు నమ్మకం లేదు. వాడు ఎప్పుడైనా కావాలని ఓడితే నాకు చెప్పు. అప్పుడు లాఠీ నేను తీస్తాను.

మీ అక్క
పున్నమ్మ