వూల్‌ప్యాక్ తలుపు

4 నవంబర్ 1986, మంగళవారం

నెలలో మొదటి మంగళవారం కాబట్టి వూల్‌ప్యాక్‌కి వెళ్లాను. కింద బొగ్గు తవ్వేసి వదిలిన చోట నేల కుంగి, మా తాత పుట్టకముందే ఒక పక్కకి ఒరిగిపోయిన పబ్ అది. టూరిస్టులు బల్ల మీద గోళీ పెట్టి, ఎత్తుకి దొర్లుతోందని కేకలు పెడతారు. ఇవాళ ఒకాయన బీరు ముట్టకముందే తూలాడు.

అక్కడ తలుపు ఎవరూ వెయ్యరు. వదిలేస్తే ఆ ఒరుగుకి దానంతటదే వెళ్లి పడుతుంది. ఆ అలవాటుతో మా ఊరివాళ్లు ఏ ఇంటికెళ్లినా తలుపు బార్లా వదిలేస్తారు. నేనూ అంతే. నా భార్య బతికున్నన్నాళ్లూ తిట్టింది.

గని సర్వేయరుగా రిటైరయ్యాక నాకు మిగిలిన పని ఆ పబ్ గోడలో పడ్డ పగులు చూడటం. పగులుకి అడ్డంగా గాజు పలక సిమెంటుతో అంటించాను. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు విరగాలి. 1977లో తేదీ గీసి పెట్టిన పలక అలాగే ఉంది. కౌన్సిల్ రిజిస్టర్‌లో 'కదలిక లేదు' అని నూట ఎనిమిదోసారి రాశాను.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ఆ సిమెంటు తెల్లగా ఉంది. తొమ్మిదేళ్ల పొగకి నల్లబడాలి కదా.

5 నవంబర్

ఏటా ఈ రాత్రికి లాగే ఊరంతా టపాసులు. మోత విన్న ప్రతిసారీ వూల్‌ప్యాక్ పడిందనుకున్నాను.

6 నవంబర్, గురువారం

ఎడ్నాని అడిగేశాను. పబ్ ఆమెదే. భర్త పోయాక పైగదిలో ఒక్కతే ఉంటుంది. కౌంటర్ కింద నుంచి బిస్కెట్ డబ్బా తీసింది. అందులో ఏడు విరిగిన పలకలు. దేనికది కాగితంలో చుట్టి, ఎప్పుడు విరిగిందో రాసిపెట్టింది. మొదటిది నా తుడుపు గుడ్డ తగిలి విరిగిందనుకున్నా విల్ఫూ, నీతో చెబితే మొహం మాడ్చుకుంటావని నీ తేదీయే గీసి కొత్తది పెట్టా, తర్వాత అదే అలవాటైపోయింది, గాజు ఎవరి చేతికైనా గుచ్చుకుంటే నాదే పాపం కదా అంది. గాజు విరగడమే కబురని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేనే.

'80లో ఒకటి. '83లో ఒకటి. '85లో ఒకటి. ఈ ఏడాది మార్చి, జులై, సెప్టెంబర్, అక్టోబర్.

శనివారం మధ్యాహ్నం అక్కడే క్లెమ్ ఎనభయ్యో పుట్టినరోజు విందు. నలభై ఏళ్లు ఆ నేల కిందే బొగ్గు కొట్టినవాడు. అరవైమంది వస్తారు. విందు ఆపెయ్యమన్నాను. ఒక్కసారి మూస్తే మళ్లీ తెరవనిస్తారా, నన్నెక్కడికి పొమ్మంటావు అని ఎడ్నా ఏడ్చింది. చివరికి బేరం కుదిరింది. కొత్త పలక నేనే అంటించాను. శనివారం దాకా విరగకపోతే విందు జరుగుతుంది. తను ముట్టుకోనని ఒట్టు వేసింది. నేను మాటిచ్చాను.

ఎందుకిచ్చానో తెలియదు. అబద్ధం, తెలుసు. ఎడ్నా ఏడిస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడవు.

7 నవంబర్

గాజు బాగుంది. మూడుసార్లు వెళ్లి చూశాను.

8 నవంబర్, శనివారం, సాయంత్రం

పదకొండున్నరకి గాజు నిక్షేపంలా ఉంది. ఎడ్నా నవ్వి నాకో బీరు పోసింది. జనం కిక్కిరిశారు. మాంసం ఉండలు, బఠాణీలు, పొగలు. నేను గోడ మీంచి కళ్లు తిప్పలేదు. ఏమయ్యా విల్ఫూ, దానికేమైనా సంబంధం చూస్తున్నావా, గుడ్లప్పగించావు అన్నాడు క్లెమ్. అందరూ విరగబడి నవ్వారు.

అంతలో వీపుకి చలిగాలి కొట్టింది. తలుపు వెయ్యండ్రా, చస్తున్నాం అని ఎవరో అరిచారు. ఇంకెవరో, తొందరేంట్రా, అదే పడుతుందిగా అన్నారు. ఎవరూ లేవలేదు. తలుపు పడలేదు.

నేను వెళ్లి సగం తోసి వదిలాను. ఎక్కడ వదిలానో అక్కడే నిలబడింది. అంటే ఒరుగు మారింది.

బయటికి పొమ్మని అరిచాను. ముసలాడికి మతి పోయిందన్నారు. నలభై ఏళ్లు కింద చావనివాణ్ణి, పైన బీరు తాగుతూ చస్తానా అన్నాడు క్లెమ్. అతని చెయ్యి పట్టుకుని తలుపు మీద పెట్టాను. తోశాడు, వదిలాడు, చూశాడు. గ్లాసు కింద పెట్టి, గనిలో కప్పు కూలేటప్పుడు వేసే కేక వేశాడు. ఆ కేక విన్నాక ఈ ఊళ్లో ఎవడూ కూర్చోడు.

వానలో నిలబడి ప్లేట్లు ఖాళీ చేస్తూ నన్ను తిట్టారు. ఎడ్నా తిట్టలేదు. గాజు బాగానే ఉంది విల్ఫ్, నువ్వే మాట తప్పావు అంది. తిట్టినా బాగుండేది.

10 నవంబర్

ఏమీ పడలేదు. నూట ఎనిమిదిసార్లు నేను రాసింది తప్పని కౌన్సిల్‌కి ఉత్తరం ఇచ్చాను. పబ్‌కి తాళం పడింది. ఎడ్నా చెల్లెలింటికి వెళ్లిపోయింది. రొట్టెల షాపులో నాతో ఎవరూ మాట్లాడలేదు.

11 నవంబర్

ఏమీ పడలేదు. పడితే బాగుండునని అనుకున్నాను. సిగ్గేసింది.

13 నవంబర్, ఉదయం

ఆరింటికి ఆ గోడ మొత్తం ఒక్క దిమ్మెలా బయటికి ఒరిగి పడింది. పైగది మంచంతో సహా.

తొమ్మిదింటికి ఎడ్నా మా ఇంటికి వచ్చింది, చేతులనిండా ఇటుక దుమ్ముతో. నా పలక నా చేతిలో పెట్టింది. విరగలేదు.

లోపలికొచ్చి, వెనక్కి తిరిగి, తలుపు వేసింది.