పరాయి పడవ

చెల్లెమ్మ వనజకు,

అన్న పోలేరయ్య దీవెనలు. మీ వదిన మోకాళ్ళ నొప్పి తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. ఢిల్లీ చలికి నువ్వెలా ఉన్నావో రాయలేదు. ఊరందరి సంగతులూ అడిగి నీ సంగతి దాటేయడం నీకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగమే.

నువ్వడిగిన ఎండు నెత్తళ్ళు కొరియర్‌లో వేశాను. ఆ వాసనకి మీ ఆఫీసువాళ్ళు నిన్ను బయటికి గెంటితే నన్ననొద్దు. ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళ కేసులే నీకు దొరుకుతాయేమని మీ వదిన నవ్వుతుంది గానీ, దేశం వదిలి పారిపోయి వచ్చినవాళ్ళకి మా ఆడబిడ్డే లాయరని పాలెమంతా చెప్పుకునేది కూడా ఆమే.

పడవ పది రోజులుగా ఒడ్డునే ఎందుకుందని అడిగావు. ఇంజను చెడిందని ఫోనులో చెప్పాను. ఇంజను బాగానే ఉంది.

మీ ఆఫీసుకి రోజూ వచ్చి కూర్చునే బర్మా పెద్దామె గురించి రాసి, ఆమె కూతురి ఫోటో పంపావు. ఆ పిల్ల ఎక్కిన పడవని మన తీరంలో ఎవరైనా చూశారేమో కనుక్కోమన్నావు. ఎవరూ చూడలేదని రెండుసార్లు ఫోనులో చెప్పాను. నీ గొంతు వింటే నాకు అబద్ధమే వస్తోంది వనజా, అందుకే రాస్తున్నాను. నేను చూశాను.

పట్టపగలే. కోట తీరం నుంచి సముద్రంలో చాలా లోపల, ఇంజను ఆగిపోయి కొట్టుకుపోతున్న పడవ. ఇరవై మంది దాకా ఉన్నారు. మాట తెలియలేదు గానీ నీళ్ళడుగుతున్నారని తెలిసింది. మా దగ్గరున్న నీళ్ళూ అన్నమూ ఇచ్చేసి, తాడు కట్టి లాగడం మొదలుపెట్టాను. ఆగిపోయిన పడవని సముద్రంలో వదిలి రాకూడదని నాయన నేర్పిందే కదా. ఫోటోలోని ఆ పిల్ల చంకలో బిడ్డతో ముందువైపు కూర్చుని, ప్లాస్టిక్ కవరులో పెట్టిన కార్డొకటి నాకేసి చూపిస్తూనే ఉంది. నువ్వు జనానికి ఇప్పించే శరణార్థి కార్డులాంటిదే. నాకు తెలుసులే అమ్మా అని చెప్పాలనిపించింది.

రెండు గంటలు లాగాక కృష్ణపట్నం పొగగొట్టాలు కనపడ్డాయి. నిరుడు పక్క పాలెం వాళ్ళు ఇలాగే ఒక పడవని ఒడ్డుకు తెస్తే పోలీసులు వాళ్ళ పడవని నాలుగు నెలలు పట్టిపెట్టుకున్నారు. అప్పుడే పాలెం పెద్దగా మన పెద్దకాపు దురాయి వేశాడు. పరాయి పడవని ఎవరూ ఒడ్డుకు తేకూడదు, తెస్తే ఆ తెచ్చిన మన పడవవాళ్ళందరికీ వెలి. నాతో ఉన్న ఇద్దరి పేర్లు రాయను. వాళ్ళలో ఒకడు ఏడుపు గొంతుతో అన్నాడు.

"అన్నా, దురాయి మరిసినావా? ఊరు యెలేస్తే మా పిలకాయల్ని తీసుకోని యాడికి పోవాల? తాడు ఇప్పెయ్ అన్నా."

నా చేత్తోనే విప్పాను. ఆ పిల్లకి మొదట అర్థం కాలేదు. ముడి జారిపోయిందనుకున్నట్టుంది. నీళ్ళలోంచి తాడు లాక్కుని మళ్ళీ నాకేసి విసిరింది. రెండుసార్లు విసిరింది.

కోస్ట్‌గార్డుకి ఫోను చేయాల్సింది. ఎవరు చేశారో ఊరికి తెలుస్తుందని భయపడ్డాను. మర్నాడు ఒక్కడినే పోయి సాయంత్రం దాకా వెతికాను, ఏమీ లేదు. ఆ తర్వాత మళ్ళీ పడవ ఎక్కలేదు.

ఈ కాగితం కోర్టులో పనికొస్తే చూపించు. సంతకం పెడుతున్నాను. దానివల్ల ఆ పిల్ల తిరిగి రాదని తెలుసు, కానీ ఇంతకంటే ఏం చేయాలో నాకు తోచడం లేదు. ఆ తల్లికి ఏం చెబుతావో నీ ఇష్టం. నీకు సముద్రం మీదికి వెళ్ళే అన్న ఒకడున్నాడని మాత్రం చెప్పొద్దు.

ఇట్లు,
నీ పెద్దన్న
పోలేరయ్య