హరీదీ ఇంటి తలుపు

ఇంబాబా, కైరో
శుక్రవారం

నా పెద్దకొడుకు దాహీకి అమ్మ మనసారా దీవించి రాయించేది ఏమంటే, ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమంగా ఉన్నావనే అనుకుంటాను. అలా అనుకోకపోతే నాకు రొట్టెముక్క గొంతు దిగదు. "మేము క్షేమం అని రాయనా అత్తా?" అని హుదా అడిగింది. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. ఎప్పటిలాగే మాటలు నావి, చేతిరాత పక్కగది హుదాది. ఈ ఉత్తరం విప్పి చదివే జైలు ఆఫీసరు గారికి కూడా సలాములు. అయ్యా, ఇందులో ప్రభుత్వం గురించి ఒక్క ముక్క లేదు. చదివాక నా బిడ్డకి ఇప్పించండి. క్రితంసారి ఉత్తరం ఏమైందో నేను అడగను గానీ, ఇది మాత్రం తప్పకుండా ఇప్పించండి.

నీ ఉత్తరం అందింది నాయనా. నా మోకాళ్లు అలాగే ఉన్నాయి, మెట్లు ఎక్కేటప్పుడు తిట్టుకుంటూ ఎక్కుతాను. నువ్వు అడిగిన ఉన్ని టోపీ అల్లడం అయిపోయింది, ములాఖత్ రోజున తెస్తాను. హరీదీ ఇంటి తలుపు ఇంకా మూసే ఉందా అని చివర్లో అడిగావు. దానికి నేనూ చివర్లోనే చెప్తాను.

ఆ మాట చదివినప్పుడు హుదా, "ఎవరింటి తలుపుతోనో దాహీ అన్నకేం పని?" అంది. పట్నంలో పుట్టిన పిల్ల, మన సోహాగ్ వైపు సంగతులు దానికేం తెలుసు. కూర్చోబెట్టి చెప్పాను. నీళ్ల వంతు దగ్గర గొడవలో నీ చేతిలో పార తగిలి హరీదీ కొడుకు జాబిర్ పోయాడని చెప్పాను. తగిలి అన్నాను చూశావా, నేనెప్పుడూ అలాగే చెప్తాను. హత్యలో మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో పరామర్శలు తీసుకోరని, ముంగిట్లో చాపలు వెయ్యరని, ఖురాన్ చదివించరని, వచ్చినవాళ్లకి చేదు కాఫీ పొయ్యరని చెప్పాను. ఆ రక్తానికి అవతలి ఇంటి రక్తం చూసిన రోజే తలుపు తీసి చాపలు వేస్తారని కూడా చెప్పాను. "అప్పటిదాకా ఏడవరా?" అంది. ఏడవరమ్మా అన్నాను.

ఇక ఈ కైరో కబుర్లు. కైరోకి వెళ్లి ఇన్నేళ్లయింది, ఆ గదిలో కూర్చుని గోడలు చూస్తున్నారా, తమ్ముడిని తీసుకుని ఊరంతా తిరిగి నాకు రాయించు, నీ కళ్లతో నేనూ తిరుగుతాను అని నన్ను చీవాట్లు పెట్టావు కదా. తిరిగాం నాయనా. షాజ్లీ మొదట ఒప్పుకోలేదు. "దాక్కోవడానికి వచ్చినవాళ్లం ఊరేగుదామా అమ్మా?" అన్నాడు. ఇన్ని లక్షలమందిలో మనల్ని ఎవరు పోల్చుకుంటార్రా అన్నాను నేను. బయట ఎవరడిగినా పేరు ముస్తఫా అని, ఊరు ఫయ్యూం అని చెప్పాలని మళ్లీ ఒట్టు వేయించుకున్నాను. రొట్టెల బట్టీలో పనికి కుదిరినప్పుడు వేసిన ఒట్టే అది.

మొదటి శుక్రవారం జంతువుల తోటకి వెళ్లాం. సింహం బోను దగ్గర కాపలాదారు ఒకడున్నాడు, నోట్లో పళ్లు తక్కువ, మాటలు ఎక్కువ.

"హాజ్జా, సింహంతో ఫొటో దిగుతావా?"

"అది పడుకునుంది కదయ్యా."

"లేస్తే ఎవరు దిగుతారు? నేను కూడా పారిపోతా."

ఆ సింహం వాడికంటే ముసలిది. తలుపు తీసిపెట్టినా బయటికి రాదట. ఎందుకు రాదని అడిగాను. "రావడం మర్చిపోయింది హాజ్జా. దానికిప్పుడు బోనే ఇల్లు" అని వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అక్కడే కటకటాలు పట్టుకుని నిలబడిపోతే షాజ్లీ చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. నువ్వు మాత్రం అలా అయిపోకు నాయనా.

తర్వాత పిరమిడ్లు. చూశాను. ఇంత పెద్ద గోరీ కట్టించుకున్న రాజుకి ఏడ్చేవాళ్లెవరైనా ఉన్నారా అని ఒంటెవాణ్ణి అడిగాను. "ఏడ్చేవాళ్ల సంగతి నాకు తెలీదు పిన్నీ, ఆయన పేరు చెప్పుకుని మేం తింటున్నాం. ఎక్కు, నీకైతే సగానికే" అన్నాడు. ఎక్కాను. ఒంటె వెనక్కాళ్ల మీద లేచేసరికి నేను ముందుకి పడబోయి పెట్టిన కేకకి అక్కడున్న తెల్లవాళ్లంతా తిరిగి చూశారు. షాజ్లీ పొట్ట పట్టుకుని ఇసకలో కూలబడి నవ్వాడు. ఊరు వదిలాక వాడలా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ ఒంటెవాడికి దేవుడు మేలు చెయ్యాలి.

మూడో శుక్రవారం సయ్యిదా జైనబ్ దర్గాకి వెళ్లాం. నీ పేరు చెప్పి, సమాధి చుట్టూ ఉన్న జాలీ పట్టుకుని మొక్కుకున్నాను. బయటికొస్తే ఎండ, ఎదురుగా చెరుకురసం కొట్టు. మన చెరుకే, మన వైపు నుంచి వచ్చిందే. బల్ల దగ్గర ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. తెల్లటి తలపాగా, చేతిలో కర్ర. షాజ్లీ రెండు గ్లాసులు చెప్పాడు, అంతే. ఆ రెండు మాటల్లోనే ఆయన మన యాస పట్టేశాడు.

"సోహాగ్ పిల్లాడివా?"

"ఫయ్యూం అండీ" అన్నాడు వీడు.

"ఫయ్యూం వాళ్లు రసాన్ని అలా అడగరులే" అని ఆయన నవ్వాడు. కొట్టువాణ్ణి పిలిచి మా ఇద్దరి గ్లాసులూ తన లెక్కలో రాయమన్నాడు. పంటల గురించి, కాలవల గురించి మాట్లాడాడు. మన మాట మన యాసలో విని ఎన్నాళ్లయిందో. నాకు కడుపు నిండినట్టు అయింది. లేవబోతూ ఆయన షాజ్లీ భుజం మీద చెయ్యేశాడు.

"నాయనా, నువ్వు ఎవరి కొడుకువి?"

నేను వాడి కాలు తొక్కాను. వాడు నా వైపు చూశాడు, తర్వాత ఆయన వైపు చూశాడు. ఊరు మార్చి చెప్పాడు, పేరు మార్చి చెప్పేవాడు కూడా. కానీ మన వైపు మగపిల్లాణ్ణి తల నెరిసిన మనిషి నువ్వెవరి కొడుకువని అడిగితే వాడేం చేస్తాడు? తండ్రి పేరు మింగేస్తాడా?

"అబ్దుల్ మౌజూద్ కొడుకుని. షాజ్లీని" అన్నాడు.

"మంచివాడి కడుపున పుట్టావు" అన్నాడు ఆయన. అంతే. మరో మాట అడక్కుండా వెళ్లిపోయాడు.

బస్సులో వాణ్ణి తిట్టాను. "మా నాన్న చచ్చిపోయాడు గానీ నాకు నాన్న లేకుండా పోలేదు కదమ్మా" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను. భయమేసింది. దాంతోపాటే గర్వంగా కూడా అనిపించింది, దాచుకోను. ఆ పెద్దమనిషి ఎవరితో ఏం చెప్పాడో, అసలు చెప్పాడో లేదో నాకు తెలీదు. ఊరికే మంచి మాట మాట్లాడాడేమో. ఆయన మీద పాపం వెయ్యలేను.

హుదా ఇక్కడ కలం ఆపి కొంగుతో కళ్లు తుడుచుకుంది. రాయి తల్లీ అన్నాను. రాయకపోతే నేను ఎలా చెప్పను.

దాహీ, గోడకి ఆనుకుని కూర్చో. ఎవరైనా పక్కన ఉంటే చెయ్యి పట్టుకో.

నీ తమ్ముడు లేడు. దర్గాకి వెళ్లొచ్చిన వారంలోనే, తెల్లారగట్ల, తల మీద రొట్టెల బల్ల పెట్టుకుని సైకిలు తొక్కుకుంటూ వస్తుంటే మన సందు మొదట్లో ఇద్దరు ఆపి పేరు అడిగారట. చెప్పాడట. తుపాకి చప్పుడు నేను గదిలోంచి విన్నాను. ఎవరింట్లోనో పెళ్లనుకున్నాను. పరిగెత్తి వెళ్లేసరికి రొట్టెలన్నీ వీధిలో పడి ఉన్నాయి. ఇరుగుపొరుగు ఒక్కొక్కటే ఏరి, ముద్దుపెట్టుకుని గోడ మీద పెడుతున్నారు. రొట్టెలు ఇంకా వేడిగా ఉన్నాయి. వాడూ వేడిగానే ఉన్నాడు.

వాణ్ణి ఊరికి తీసుకెళ్లి మీ నాన్న పక్కన పెట్టించాను. మేం చేరిన సాయంత్రమే హరీదీ ముంగిట్లో చాపలు పడ్డాయి. దీపాలు పెట్టారు. ఏడేళ్ల తర్వాత జాబిర్ కోసం ఖురాన్ మొదలైంది, ఊరి మగవాళ్లంతా వెళ్లి కూర్చుని కాఫీ తాగారు. నువ్వడిగినదానికి ఇదే జవాబు నాయనా. తలుపు తీశారు.

మీ చిన్నాన్న అస్కర్ మన తలుపు మూసేశాడు. "ఈ ఇంట్లో పరామర్శ లేదు. వదినా, కళ్లు తుడుచుకో. గోధుమ కోతలకి దాహీ బయటికొస్తాడు, అప్పుడు ఏడుద్దువు గాని" అన్నాడు. గుడ్డలో చుట్టిన తుపాకి తెచ్చి నీ మంచం కింద పెట్టాడు. నీకోసం నూనె కూడా రాయించి ఉంచాడు.

రాత్రంతా ఆ మంచం మీదే పడుకున్నాను. పొద్దున్నే లేచి తలుపు తీశాను. చాపలు నేనే మోసుకొచ్చి ముంగిట్లో వేశాను. ఖురాన్ చదవడానికి పక్క ఊరి నుంచి గుడ్డి షేకుని పిలిపించాను, మన ఊరి ఆయన రానన్నాడు. కాఫీ కాచాను, చక్కెర లేకుండా. మగవాళ్లు కూర్చునే చోట, ఇంటి పెద్ద కూర్చునే చోట, నేను కూర్చున్నాను. అస్కర్ వచ్చి నా ముందు ఉమ్మేశాడు. "ఆడది ఇంటి పరువు తీసింది" అని వీధికంతా వినిపించేలా అన్నాడు. ఉమ్మేసుకో మరిదీ అన్నాను. షేకు ఖాళీ చాపలకి చదివాడు. ఒక్క మగాడు రాలేదు. ఆడవాళ్లు గోడ చాటునుంచి చూసి వెళ్లారు.

పొద్దు వాలాక ఒక మనిషి వీధి దాటి వచ్చింది. ముసుగు తీసేదాకా నేను పోల్చుకోలేదు. జాబిర్ తల్లి. బాగా చిక్కిపోయింది. చాప చివర కూర్చుంది. కాఫీ పోశాను, తాగింది.

"నా కొడుకు పోయినప్పుడు నన్నెవరూ ఏడవనివ్వలేదే" అంది. "నిన్న ఏడవమన్నారు. ఏడుపు రాలేదు."

"ఇక్కడ ఏడువు" అన్నాను. ఏడ్చింది. జాబిర్ కోసమో, షాజ్లీ కోసమో నేను అడగలేదు. నేనూ ఏడ్చాను.

విను నాయనా. నీ తమ్ముడికి పరామర్శ నేను తీసుకున్నాను. ఊరంతా చూస్తుండగా, చంపిన ఇంటి మనిషి చేతికే కాఫీ ఇచ్చి తీసుకున్నాను. మన ఆచారం ప్రకారం ఇక మనకి ఎవరి రక్తమూ రావాల్సింది లేదు. కాదని నువ్వు తుపాకి పట్టుకుంటే, నేను వేసిన చాపని నువ్వే కాలితో తన్నినట్టు. కోపం వస్తుంది, రానీ. అక్కడ గోడలున్నాయి, వాటిని కొట్టు. నన్ను తిట్టు. కానీ బయటికొచ్చాక సోహాగ్ రైలు ఎక్కకు. నేను జైలు గేటు దగ్గరే ఉంటాను, నా వెంట ఇంబాబాకి రా. నైలు మీద తెరచాప పడవ ఎక్కడం మాకు కుదరలేదు, తర్వాతి శుక్రవారం అనుకున్నాం. అది నీతో ఎక్కుతాను. ఎవరైనా నువ్వెవరి కొడుకువని అడిగితే, మీ నాన్న పేరే చెప్పు.

ఇట్లు,
ఇంకా ఒక కొడుకు మిగిలివున్న
మీ అమ్మ