ఫాలరోప్ అంటే

అమ్మకి,

నువ్వు ముద్దుగా పిలిచే నీ కందిరీగనే, రాస్తున్నా. ఇక్కడ నాన్న, నేను కులాసా. నీ నడుంనొప్పి తగ్గిందా? ఆ దేశపు చలికి చేతులు పగులుతున్నాయన్నావు. ఆ క్రీము రాసుకుంటున్నావా, లేక మాకోసం దాస్తున్నావా?

నువ్వడిగినవాటికి జవాబులు. వంట నాన్నే చేస్తున్నారు. నిన్న కూర మాడబెట్టి, "ఆ వాసన పక్కింటివాళ్లదే" అని దబాయించారు. నాన్నకి స్కూలు యూనిఫాంలు కుట్టే పని వచ్చింది. ఇల్లంతా నీలంగుడ్డ ముక్కలే, అన్నంలో కూడా దారాలొస్తున్నాయి. నా లెక్కల మార్కులు మాత్రం అడక్కు.

ఇంక ఆ మాట. నువ్వు చూసుకునే పెద్దావిడ కిటికీ దగ్గర కూర్చుని ఊరికే "ఫాలరోప్, ఫాలరోప్" అంటున్నారనీ, దానర్థమేంటో, ఎలా వాడాలో రాయమనీ అడిగావు కదా. మా ఇంగ్లిష్ మేడమ్‌ని అడిగితే, "పరీక్షలో రాదులే, కూర్చో" అంది. లైబ్రరీలో పక్షుల పుస్తకంలో దొరికింది. అదో నీటిపక్షి, పిచ్చుక కన్నా కాస్త పెద్దదంతే. నీళ్లమీద బొంగరంలా గిరగిరా తిరుగుతుంది. ఆ సుడికి కిందున్న పురుగులు పైకొస్తే ఏరుకు తింటుంది. మనుషుల్ని తిట్టడానికో పొగడడానికో వాడే మాట కాదమ్మా, ఉత్త పేరే. ఆవిడ మళ్లీ అన్నప్పుడు నువ్వు "డిడ్ యూ సీ ఎ ఫాలరోప్?" అను. ఫాలరోప్‌ని చూశారా అని. ఎక్కడ చూశారో చెప్తారేమో.

ఇంకొంచెం ఉంది. రాయకూడదనుకున్నా. ఈ పక్షుల్లో ఆడదే అందగత్తె, మగది వెలిసిపోయినట్టుంటుంది. ఆడది గుడ్లు పెట్టి ఎగిరిపోతుందట. పొదిగేదీ పిల్లల్ని చూసుకునేదీ మగదే. నాన్నకి చదివి వినిపిస్తే మిషన్ ఆపి, "మరి ఆ మగపక్షికి జడెయ్యడం వచ్చా?" అన్నారు. ఇద్దరం పడీపడీ నవ్వాం. తర్వాత ఆయనకి ఎంతసేపటికీ సూదిలో దారం ఎక్కలేదు.

నువ్వు ఎగిరిపోయావని నేననుకోవట్లేదు. ఆ ఒక్క మిషన్ ఇల్లు లాగలేకే వెళ్లావు, నాకు తెలుసు. కానీ పిల్లకి నాన్నతో చెప్పుకోలేనిదేదైనా వస్తే ఏం చేస్తుందో ఆ పుస్తకంలో లేదమ్మా.

కులాసా అని రాసింది సగమే నిజం. నాకు ఎడమవైపు రొమ్ములో, చంకకి దగ్గరగా, గడ్డలాంటిది తగులుతోంది. గోళీ అంత ఉంటుంది. నొక్కితే జారుతుంది. నొప్పి లేదు. నొప్పి లేకపోతే మంచిదో చెడ్డదో తెలీదు. నెట్‌లో సగం చదివి, భయమేసి ఫోన్ బోర్లా పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

మొన్న నాన్న టేపు పట్టుకుని, "రావే, చొక్కా బిగుతైపోయింది, కొలతలు తీస్తా" అన్నారు. నేను వెనక్కి గెంతి, "వద్దు!" అని అరిచేశా. ఆయన మొహం చిన్నబోయింది. "పెద్దదానివయ్యావులేమ్మా, నాకే బుద్ధి లేదు" అన్నారు. నా పాత చొక్కా కొలతలకే కొంచెం వదులిచ్చి కొత్తది కుట్టారు. అదీ బిగుతే. బాగుందని చెప్పి అదే వేసుకుని బడికెళ్తున్నా.

ఫోన్‌లో చెప్దామంటే, నీ గొంతు ఇల్లంతా వినపడాలని నాన్న స్పీకర్ పెడతారు. తీసెయ్యమంటే ఎందుకంటారు. అందుకే నీతో పనిచేసే అక్క ఊరొచ్చి, సెలవైపోయి మళ్లీ అక్కడికి వెళ్తుంటే, కవరు అంటించి ఆమెకిస్తున్నా. నువ్వు తప్ప ఎవరూ విప్పొద్దన్నాను.

రాగలిగితే రా అమ్మా. నీ పక్కన పడుకుంటే చాలు, సగం భయం పోతుంది. సెలవు దొరక్కపోతే నాన్నకి నువ్వే చెప్పు, నేను బడికెళ్లినప్పుడు. ఆయన కంగారుపడతారు, కాస్త నెమ్మదిగా చెప్పు. డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్లమను. లోపలికి నేనొక్కదాన్నే వెళ్తాను. ఆయన్ని మాత్రం టీ తాగొస్తాననీ, పనుందనీ ఎటూ వెళ్లొద్దను. తలుపు దగ్గరే నిలబడి, మధ్యమధ్యలో దగ్గుతూ ఉండమను. వినపడుతుంటే చాలు నాకు.

ఇట్లు,
నీ కూతురు