అక్షర కట్టిన దారం

మే 3, సోమవారం
కరోనా రిపోర్టులు వచ్చాయి. నేను, నా భార్య స్వరూప, అమ్మ – ముగ్గురికీ పాజిటివ్. పదేళ్ల అక్షరకు నెగటివ్. ఒకే చాప మీద తిన్నాం, ఒకే గదిలో పడుకున్నాం... మరి బిడ్డకెలా రాలేదు? డాక్టర్ ఫోన్లో – "పిల్లలకు జర తక్కువ అంటుకుంటదంటున్నరు. మొత్తానికే రాదని అనుకోకుండ్రి."

మే 4
కోరుట్ల నుంచి బావమరిది ఫోన్. "బిడ్డను తోలుండ్రి బావా, అమ్మ చూసుకుంటది." సరేనన్నాను. బ్యాగు సర్దుకోమంటే అక్షర కదల్లేదు.
"నేను పోను నాయినా. రేపటికి నాకు కూడ అస్తే? అమ్మమ్మకు షుగర్ ఉన్నది."
పెద్దవాళ్లం ముగ్గురం. ఒక్కరికీ తట్టలేదు ఆ మాట. సిగ్గేసింది. సిగ్గు కన్నా గర్వమే ఎక్కువ.
సాయంత్రం మా మరమగ్గాల షెడ్డులోంచి ఎర్ర నూలు తెచ్చి మా గది గుమ్మానికి అడ్డంగా కట్టింది. "గిది మీరు దాటొద్దు. నేనూ దాట."

మే 6
జ్వరం. సాంచాలు బంద్. ఆ మగ్గాల చప్పుడు లేకుంటే నిద్రే పట్టడం లేదు. పక్కింటి షాహీన్ అక్క గేటు దగ్గర గిన్నె పెట్టి పోతోంది. అక్షర తెచ్చి, దారం కింద నుంచి లోపలికి జరిపి, గోడకు ఆనుకొని చూస్తుంది – తింటున్నామా లేదా అని. "నాయినా, సగం మిగిలిచ్చినవ్. తిను." నన్నే గదమాయిస్తోంది!

మే 7
అక్షర మాస్కు తీయదు. నిద్రలో కూడా.

మే 9
మధ్యాహ్నం. నేను, స్వరూప జ్వరం మగతలో. అమ్మ మంచం దిగబోయి పడింది. నేను కళ్లు తెరిచేసరికి అక్షర గదిలో ఉంది. నానమ్మ తల ఒళ్లో పెట్టుకొని నీళ్లు తాగిస్తోంది. దారం తెగి నేల మీద.
"లోపటికి ఎందుకచ్చినవే!" అరిచాను.
"నానమ్మ పిలిస్తే మీరెవ్వలూ లేవలే."
ఏడుపొచ్చింది. నా బిడ్డ.

మే 10
అమ్మ లేచి కూర్చుంది. చాయ్ అడిగింది.

మే 13
పొద్దున్నుంచి అక్షరకు గొంతు నొప్పి. అడిగితే గానీ చెప్పలేదు. టెస్టు చేయించాం, రిపోర్టు రేపు.
తక్కువ అంటుకుంటుందని డాక్టర్ అన్నప్పుడు, తక్కువంటే ఎంతో నేను అడగనే లేదు.
కిటికీలోంచి చూస్తున్నాను. తెగిన దారాన్ని ముడేసింది – మేం సాంచా మీద పోగులకు వేసే ముడే, ఎప్పుడు నేర్చుకుందో! గేటుకు అడ్డంగా కడుతోంది.
"గిన్నె ఆడనే పెట్టు ఆంటీ," షాహీన్ అక్కతో అంటోంది. "ఇగ నా దగ్గరికి కూడ రావద్దు."