రేడియోలో నీ గొంతు

లా పాస్,
బొలీవియా,
1979 నవంబరు 20

ప్రియమైన చెల్లి నీవెస్‌కి,

సైన్యంతో గద్దె లాక్కున్న ఆ కల్నల్ పదహారు రోజులకే దిగిపోయాడని మీ గనిలో అందరూ పండగ చేసుకుంటున్నారట. ఇక్కడ వీధుల్లో రక్తం కడగడం చూశాను, నాకు పండగ పట్టదు. ఇప్పుడొక ఆడమనిషిని అధ్యక్షురాల్ని చేశారు. మీ బావ రూఫో, "ఇది ఎన్నాళ్లో!" అంటూ తలుపు గడియ వేశాడు. సైన్యంలో సార్జెంటై ఉండి ఆయనే భయపడితే నేనేమైపోవాలి? ఆ కార్మికుల రేడియోలో వార్తలు చదవడం మానెయ్యవే. బడిలో పాఠాలు చెప్పుకో.

నీ క్షేమమే కోరే అక్క,
సతుర్నీనా

సాంతా రీతా తగరపు గని,
1980 జులై 2

అక్కా,

ఇన్నాళ్లూ రాయనందుకు తిట్టుకో. ఎన్నికలయ్యాయి! షిఫ్టు దిగినవాళ్లు మొహం మసైనా కడుక్కోకుండా వరసలో నిలబడ్డారు. ఓట్ల లెక్కలు రేడియోలో నేనే చదువుతున్నాను. కానీ సైన్యం ఊరుకోదని లారీవాళ్లు అంటున్నారు. నాకూ భయమే. మైకు ముందు గొంతు మాత్రం వణకనివ్వను. ఏం జరగబోతోందో బావని అడుగు. వద్దులే, అడక్కు.

నీ మొండి చెల్లెలు,
నీవెస్

లా పాస్,
1980 జులై 24

నీవెస్,

ఈ చీటీ తెచ్చిన లారీలోనే ఎక్కి వచ్చెయ్. సైన్యం గద్దెనెక్కి వారమైంది. ఇవాళ మీ బావ దళాన్ని గనుల వైపు పంపారు. "ఎక్కడికి?" అని అడిగాను. టీ కప్పు అందుకుని, తాగకుండానే కింద పెట్టేశాడు. దుప్పటి కప్పుకుని నీ వార్తలు వింటున్నాను. ఈ సైనిక క్వార్టర్లలో పక్కింటావిడ చెవిన పడితే మా కొంప మునిగినట్టే. ఆపవే తల్లీ, నీ గొంతే వాళ్లకి దారి చూపిస్తోంది.

నీ అక్క

లా పాస్,
1980 సెప్టెంబరు 28

చెల్లీ,

బతికున్నావో లేదో తెలియకుండానే రాస్తున్నాను. "వంతెన దగ్గరికి వచ్చేశారు" అన్నావు, అంతే, రేడియో మూగబోయింది. మీ బావ తిరిగొచ్చాడు. తిండి ముట్టడు. "నా చెల్లెల్ని చంపింది నువ్వేనా?" అని చొక్కా పట్టుకుని అడిగాను. "నోరు మూసుకో" అన్నాడు. ఆ ఒక్క మాటే. బయటికి గెంటి గడియ వేశాను. కాపలా గదిలో పడుకుంటున్నాడట. చచ్చినా తలుపు తియ్యను. ఒక్క అక్షరం రాయవే.

సతుర్నీనా

పునో, పెరూ,
1980 అక్టోబరు 20

ప్రియమైన అక్కా,

బతికే ఉన్నాను. నీ ఉత్తరం రొట్టెలమ్మే ఎవుసేబియా దాచి పంపింది. రేడియో మూగబోయిన ఆ పొద్దున, రొట్టెలు కాల్చే తన పెద్ద మట్టి పొయ్యి ఆరి ఉంటే, అందులోనే నన్ను దాచింది. సిపాయిలు ఇల్లంతా తిరగేశారు. పొయ్యి మూత తీసింది బావే. కళ్లూ కళ్లూ కలిశాయి. వెనక నుంచి కెప్టెన్, "ఏముందిరా లోపల?" అన్నాడు.

"బూడిద, సార్."

మూత పెట్టేశాడు. గంట తర్వాత మంచినీళ్లకన్నట్టు ఒక్కడే వచ్చాడు. "సరస్సు దాటి పెరూకి పో. రెండు నెలలు ఎవరికీ రాయకు. మీ అక్కకి నేనూ చెప్పను. ఆమె మొహంలో ఏదీ దాగదు, చుట్టూ ఉన్నది మావాళ్లే" అన్నాడు.

నువ్వు గెంటేసినా ఆ మాట మీదే నిలబడ్డాడక్కా.

ఇది చదివి కాల్చెయ్. నలుగురిలో నేను చచ్చినట్టే నల్లబట్టలు కట్టుకో, ఏడువు. ఇంటికొచ్చి మాత్రం ఆయనకి తలుపు తియ్యి.

నీ నీవెస్